5 రోజుల వీల్‌చైర్ శిక్షణ: ఫిజియోలు, ఓటీలకు దేని మీద ఎంత సమయం పెట్టాలి?

మాధవి_పీటీ

అందరికీ నమస్కారం. పునరావాస విభాగాల్లో పనిచేస్తున్న 12 మందికి వీల్‌చైర్ సేవల మీద 5 రోజుల శిక్షణ పెడుతున్నాం. ఫిజియోలు, ఓటీలు (ఆక్యుపేషనల్ థెరపిస్టులు), కృత్రిమ అవయవాల టెక్నీషియన్లు కలిసి ఉంటారు. నేను వేసుకున్న డ్రాఫ్ట్ ఇదీ: మొదటి రెండు రోజులు క్లాసులు (వెన్నుపాము గాయం, సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, వీల్‌చైర్ రకాలు), మూడో రోజు కొలతలు, నాలుగో రోజు వీల్‌చైర్ వాడే ఇద్దరు ముగ్గురితో ప్రాక్టీస్, ఐదో రోజు రాత పరీక్ష, సర్టిఫికెట్లు.

ఇందులో ఏది తీసెయ్యాలి, ఏది పెంచాలి? ఫలానావారికి పని వచ్చిందని చివర్లో ఎలా తేల్చాలి? రాత పరీక్ష ఒక్కటే చాలదని తెలుసు, దాని పక్కన ఏం పెట్టాలో తేలడం లేదు.

---

చక్రధర్_ఓటీ

మాధవి గారూ, మొదటి రెండు రోజుల క్లాసుల్లో ముప్పావు వంతు తీసెయ్యండి. వచ్చేవాళ్లకి వెన్నుపాము గాయం అంటే ఏమిటో తెలుసు. తెలియనిది, అదే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాక పిర్ర ఎముక కింద ఏం జరుగుతుందో.

ముందు ఒక విషయం తేల్చుకోండి, మీది బేసిక్ స్థాయా, ఇంటర్మీడియట్ స్థాయా? డబ్ల్యూహెచ్‌వో శిక్షణ ప్యాకేజీల్లో బేసిక్ 2012లో వచ్చింది, ఇంటర్మీడియట్ 2013లో. ఆ తర్వాత 2015లో మేనేజర్ల కోసం ఒకటి, 2017లో శిక్షకులను తయారుచేసేది ఒకటి. బేసిక్ అంటే అదనపు ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలిగేవాళ్ల కోసం. ఇంటర్మీడియట్ అంటే పెల్విస్‌కో (తుంటి ఎముకల గూడుకో), నడుముకో, తలకో ఆసరా పెడితే తప్ప కూర్చోలేనివాళ్ల కోసం. బేసిక్‌కే 35 నుంచి 40 గంటలు పడుతుంది. మీ డ్రాఫ్ట్‌లో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. ఆ పిల్లల్లో చాలామందికి కావాల్సింది ఇంటర్మీడియట్. రెండూ 5 రోజుల్లో కుక్కితే ఏదీ రాదు. బేసిక్ మాత్రమే పెట్టండి. "ఈ మనిషి నా స్థాయి దాటాడు, పైకి పంపాలి" అని గుర్తుపట్టడం నేర్పితే చాలు.

సేవలో ఎనిమిది మెట్లు ఉన్నాయని డబ్ల్యూహెచ్‌వో 2008 మార్గదర్శకాలు చెప్పాయి: రిఫరల్, అసెస్‌మెంట్, ప్రిస్క్రిప్షన్, నిధులు-ఆర్డరు, కుర్చీ సిద్ధం చేయడం, ఫిట్టింగ్, వాడేవారికి శిక్షణ, ఫాలో అప్-మరమ్మతు. 2023లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, పరికరాలను చూసే తీరు మారింది గానీ బల్ల దగ్గర చేసే పని ఇదే. మీ టైమ్‌టేబుల్‌లో అసెస్‌మెంట్ ఒక్కటే కనిపిస్తోంది. కుర్చీ సిద్ధం చేయడం, ఫిట్టింగ్, ఫాలో అప్ ఏవీ? వీల్‌చైర్ మూలన పడేది సరిగ్గా ఆ మూడు చోట్లే.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు ఉదయమే ప్రతి ఒక్కరూ కుర్చీ ఎక్కి గడప, వాలు, మట్టి నేల మీద నడపాలి. మధ్యాహ్నం నుంచి ఇంటర్వ్యూ, కొలతలు. రెండో రోజు ఒత్తిడి పుండ్లు, కుషన్, ప్రెషర్ పరీక్ష, ప్రిస్క్రిప్షన్. మూడో రోజు పూర్తిగా వర్క్‌షాప్, ఫిట్టింగ్. నాలుగు, ఐదు రోజుల్లో నిజంగా కుర్చీ కావాల్సినవాళ్లతో అసెస్‌మెంట్ నుంచి కుర్చీ చేతికిచ్చే దాకా మొత్తం పని. నలుగురికో కుర్చీ, నలుగురికో శిక్షకుడు. ఆరుగురు దాటితే వెనక నిలబడ్డవాళ్లు ఫోన్ చూసుకుంటారు.

---

సీటింగ్_సుజాత

చక్రధర్ గారి టైమ్‌టేబుల్‌కి నా ఓటు. కొలతల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే సులువుగా కనిపించి ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

కొలిచేటప్పుడు మనిషి గట్టి బల్ల మీదో, పలక పెట్టిన సీటు మీదో కూర్చోవాలి. సాగిపోయిన గుడ్డ సీటులో కూర్చోబెట్టి కొలిస్తే ఏ కొలతా నమ్మకండి. పాదాల కింద చెక్క దిమ్మలు పెట్టి తొడలు సమంగా ఉండేలా చూడాలి. చెప్పులు, బూట్లు రోజూ వేసుకునేవే ఉండాలి. టేపు ఒక్కదానితో వెడల్పు కొలవద్దు, ఒంటి గుండ్రానికి చుట్టుకుని ఎక్కువ చూపిస్తుంది. చెక్కతో చేసిన పెద్ద కాలిపర్ (రెండు వైపులా ఆనించి మధ్య దూరం కొలిచే సాధనం) వాడండి. లేదంటే రెండు వైపులా రెండు అట్టలు నిటారుగా ఆనించి వాటి మధ్య దూరం కొలవండి.

బేసిక్‌కి కావాల్సినవి ఇవి:

తుంటి వెడల్పు. ఎక్కడ ఎక్కువ వెడల్పుగా ఉందో అక్కడ. అదే సీటు వెడల్పు.

సీటు లోతు. పిర్రల వెనక అంచు నుంచి మోకాలి వెనక మడత దాకా, కుడి ఎడమ విడివిడిగా. రెండూ తేడాగా వస్తే చిన్నది తీసుకుని, అందులోంచి 30 నుంచి 60 మిల్లీమీటర్లు తగ్గించాలి. ఉదాహరణకి ఎడమ 430, కుడి 410 వచ్చాయనుకోండి. 410 లోంచి 50 తీస్తే సీటు లోతు 360. ఆ తేడా కాలు పొట్టి కావడం వల్లా, పెల్విస్ ఒక పక్కకి తిరగడం వల్లా అన్నది వేరే ప్రశ్న. తిరిగిందని అనుమానం వస్తే అది ఇంటర్మీడియట్ కేసు.

పిక్క పొడవు. మోకాలి వెనక నుంచి మడమ కింది దాకా. ఇది ఫుట్‌రెస్ట్ ఎత్తుని నిర్ణయిస్తుంది.

బ్యాక్‌రెస్ట్ ఎత్తుకి రెండు: సీటు నుంచి కింది పక్కటెముక దాకా ఒకటి, సీటు నుంచి భుజం రెక్క ఎముక కింది కొస దాకా ఒకటి. నడుము పట్టు బాగుండి, తనే తోసుకునేవారికి తక్కువ ఎత్తు, పట్టు తక్కువగా ఉంటే ఎక్కువ ఎత్తు.

అభ్యాసం ఇలా పెట్టండి. ఒకే మనిషిని ముగ్గురు విడివిడిగా కొలవాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. తర్వాత మూడు కాగితాలూ బోర్డు మీద రాయండి. 10 మిల్లీమీటర్ల కంటే తేడా వచ్చిన ప్రతి కొలతా మళ్లీ తియ్యాలి. దాదాపు ఎప్పుడూ సీటు లోతు దగ్గరే తేడా వస్తుంది, ఎందుకంటే మనిషి వెనక్కి వాలి కూర్చున్నాడు, ఎవరూ గమనించలేదు. కొలిచేవాళ్లలో ఒకరు పెల్విస్‌ని పట్టుకుని నిటారుగా ఉంచాలి, ఇంకొకరు కొలవాలి. ఒంటరిగా కొలవడం నేర్పకండి.

---

మాధవి_పీటీ

సుజాత గారూ, పిక్క పొడవు 420 వస్తే ఫుట్‌రెస్ట్‌ని సీటు నుంచి 420 కింద పెట్టాలా? కుషన్ మందం ఎక్కడ లెక్కలోకి వస్తుంది? పక్షవాతం వచ్చి ఒక కాలితో నేల తోసుకునేవారి సంగతేంటి?

---

సీటింగ్_సుజాత

420 అన్నది *అణిగిన* కుషన్ పైభాగం నుంచి. మనిషి కూర్చున్నాక కుషన్ 50 మందం మిగిలిందనుకోండి, అప్పుడు సీటు గుడ్డ నుంచి ఫుట్‌రెస్ట్‌కి 370. కుషన్ లేకుండా అమర్చి, తర్వాత కుషన్ పెడితే పాదాలు గాల్లో ఉంటాయి, తొడల ముందు అంచు నొక్కుకుంటుంది, మనిషి ముందుకి జారతాడు. అందుకే కుషన్ చేతికొచ్చాకే ఫుట్‌రెస్ట్ బోల్టు బిగించాలి. ఫుట్‌రెస్ట్ కింద నేలకి కనీసం 50 ఖాళీ ఉండాలి, లేకపోతే గడప దగ్గర తగులుతుంది. పిక్క పొడవు మరీ ఎక్కువై ఆ ఖాళీ మిగలకపోతే సీటే ఎత్తుగా ఉన్న కుర్చీ కావాలి. మోకాళ్లు పైకి లేచేలా ఫుట్‌రెస్ట్ ఎత్తేసి సర్దుబాటు చేయకూడదు. తొడల మీద పడాల్సిన బరువంతా పిర్ర ఎముకల మీదకి వచ్చేస్తుంది.

కాలితో తోసుకునేవారికి లెక్క మారుతుంది: నేల నుంచి అణిగిన కుషన్ పైదాకా ఉండే ఎత్తు పిక్క పొడవుకి సమానం. మడమ నేలకి పూర్తిగా ఆనాలి. ఆ వైపు ఫుట్‌రెస్ట్ తీసెయ్యండి, సీటు లోతులో 60 దాకా తగ్గించండి, కాలు వెనక్కి లాక్కోవడానికి చోటు కావాలి. మామూలు ఎత్తు కుర్చీ ఇస్తే కాలు అందుకోవడం కోసం ప్రతి తోపుకీ ముందుకి జారుతుంటారు.

---

ప్రసాద్_పీఎన్ఓ

సీటు వెడల్పు తుంటి వెడల్పంతే అంటే నాకు అభ్యంతరం ఉంది. పాత పుస్తకాలన్నీ తుంటి వెడల్పుకి అంగుళమో రెండంగుళాలో కలపమంటాయి. మందపు బట్టలుంటాయి, కాలిపర్స్ (కాళ్లకి ఆసరాగా కట్టుకునే ఊచల పట్టీలు) వేసుకునేవాళ్లు ఉంటారు, ఒళ్లు పెరిగేవాళ్లు ఉంటారు. సరిగ్గా సరిపోయే కుర్చీ ఇస్తే తుంటి పక్కన రాపిడి పుండు రాదా?

---

చక్రధర్_ఓటీ

ప్రసాద్ గారూ, కాలిపర్స్ వేసుకునేవారిని కాలిపర్స్‌తోనే కొలవాలి, మందపు బట్టలు రోజూ వేసుకుంటే వాటితోనే. అప్పుడు వచ్చిందే వెడల్పు, దాని మీద మళ్లీ కలపక్కర్లేదు. రెండంగుళాలు కలిపితే ఏమవుతుందో చూడండి: మనిషి ఒక పక్కకి ఒరిగి ఆసరా వెతుక్కుంటాడు. పెల్విస్ ఒక పక్క కిందికి పోతుంది, వెన్ను వంకర తిరుగుతుంది, ఆ పక్క పిర్ర ఎముక మీద పుండు. పుష్ రిమ్‌లు (చక్రం పక్కన చేత్తో తోసుకునే రింగులు) దూరమై చేతులు బారచాపి తోయాలి, భుజాలు పోతాయి. తలుపుల్లో పట్టదు. సైడ్ ప్యానెల్ రాపిడి కంటికి కనిపించే సమస్య, కాబట్టి అందరూ దానికే భయపడతారు.

ఫిట్టింగ్‌లో పరీక్ష సులువు. రెండు పక్కలా మీ అరచేయి తుంటికీ సైడ్ ప్యానెల్‌కీ మధ్య దూర్చండి. చేయి అతి తేలిగ్గా తగులుతూ దిగాలి. ఇరుక్కుంటే బిగుతు, పిడికిలి పడితే వదులు.

---

ప్రసాద్_పీఎన్ఓ

అరచేయి పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. పిల్లల విషయంలో మాత్రం నా మాట నిలబడుతుంది, ఎదిగే ఒంటికి ప్రతిసారీ కొత్త కుర్చీ ఎక్కడి నుంచి తెస్తాం?

---

సీటింగ్_సుజాత

పిల్లలకి చోటు వదలాలి గానీ ఖాళీగా వదలకూడదు. పెద్ద ఫ్రేమ్ ఇచ్చి, రెండు పక్కలా ఫోమ్ ప్యాడ్లతో తుంటిని పట్టి ఉంచండి. వెనక మందమైన ప్యాడ్ పెట్టి సీటు లోతు తగ్గించండి. ఎదిగేకొద్దీ ప్యాడ్లు పలచన చేస్తూ పోతారు. ప్యాడ్ పెట్టడం ఫాలో అప్ తారీఖు రాయకుండా చేస్తే అర్థం లేదు, పిల్లలకి ఆరు నెలలకోసారైనా చూడాలి.

---

వర్క్‌షాప్_రఫీ

మూడో రోజు పూర్తిగా వర్క్‌షాప్ అన్నందుకు చక్రధర్ గారికి దండం. థెరపిస్టులు స్పానర్ పట్టుకోకుండా వెళ్లిపోయే శిక్షణలే ఎక్కువ.

నేను చెప్పే అభ్యాసం ఒక్కటే: ముందు రోజు సాయంత్రం ప్రతి కుర్చీలో ఆరేడు లోపాలు కావాలనే పెట్టండి. ఒక చక్రంలో గాలి తగ్గించండి. ఒక బ్రేకు కాస్త వెనక్కి జరపండి. కాస్టర్ (ముందుండే చిన్న చక్రం) నిలువు బోల్టు వదులు చేయండి. పుష్ రిమ్ స్క్రూ ఒకటి తీసెయ్యండి. మడిచే కుర్చీ అయితే సీటు పట్టాలు ఫ్రేమ్ మీది గాడుల్లో పూర్తిగా దిగకుండా వదలండి. కుషన్ తిప్పి, ముందు భాగం వెనక్కి పెట్టండి. ఒక ఫుట్‌రెస్ట్ రెండోదాని కంటే 20 మిల్లీమీటర్లు ఎత్తు పెట్టండి. పొద్దున ఇద్దరిద్దరికి ఒక కుర్చీ ఇచ్చి 20 నిమిషాల్లో అన్నీ పట్టుకోమనండి. కుషన్ తిప్పి పెట్టిన సంగతి చాలామంది కనిపెట్టలేరు, కవరు వేసి ఉంటుంది కదా.

తనిఖీ వరస కూడా నేర్పాలి, లేకపోతే కళ్లు ఎటుపడితే అటు పోతాయి. ముందు మొత్తం ఫ్రేమ్: పదునైన అంచులు, పగుళ్లు, వంకర. తర్వాత కాస్టర్లు: ఫోర్కుకి తగలకుండా తిరగాలి, గిరగిరా తిప్పితే ఊగకూడదు. తర్వాత పెద్ద చక్రాలు: యాక్సిల్ (ఇరుసు) బోల్టు, టైరు గాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు 5 మిల్లీమీటర్ల లోపే అణగాలి. తర్వాత పుష్ రిమ్, బ్రేకులు, ఫుట్‌రెస్టులు, చివర కుషన్. ఆఖరికి ఖాళీ కుర్చీని చదును నేల మీద తోసి వదలండి. నేరుగా పోవాలి. ఒక పక్కకి లాగితే కాస్టర్ ఎత్తులో తేడానో, ఒక చక్రం గాలి తక్కువో, ఫ్రేమ్ వంకరో.

యాక్సిల్ జరపడం గురించి. అమర్చుకునే వీలున్న కుర్చీల్లో వెనక చక్రాన్ని ముందుకి జరిపితే బరువు చిన్న కాస్టర్ల మీంచి తగ్గి తోయడం తేలికవుతుంది, వీలీ (ముందు చక్రాలు లేపి వెనక చక్రాల మీదే నిలవడం) ఎత్తడం సులువవుతుంది, వెనక్కి పడే ప్రమాదం పెరుగుతుంది. కొత్తగా వాడేవారికి వెనకబెట్టి మొదలుపెట్టండి, పట్టు వచ్చాక ముందుకి తెండి. రెండు కాళ్లూ తొడ దగ్గర తీసేసినవారికి కచ్చితంగా వెనక్కి జరపాలి, ముందు కాళ్ల బరువు లేదు కాబట్టి మామూలు చోట ఉంచితే మొదటి వాలు మీదే వెల్లకిలా పడతారు.

యాక్సిల్ కదిపిన ప్రతిసారీ రెండు పనులు వెంటనే చెయ్యాలి. ఒకటి, బ్రేకు. చక్రం కదిలితే బ్రేకు టైరుకి అందదు. రెండోది అందరూ మరిచిపోయేది: యాక్సిల్‌ని పైకో కిందికో మారిస్తే ఫ్రేమ్ వాలు మారుతుంది, దాంతో కాస్టర్ గొట్టం నిటారు తప్పుతుంది. అప్పుడు వేగం అందుకోగానే కాస్టర్ దడదడలాడుతుంది, మలుపు తిప్పితే కుర్చీ బరువెక్కినట్టు ఉంటుంది. గొట్టం పక్కన చిన్న గుండు దారం వేలాడదీసి చూసినా సరిపోతుంది.

---

రెండుచక్రాలు

వీల్‌చైర్ వాడేవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు.

నాలుగో రోజు "ఇద్దరు ముగ్గురు వాడుకదారులు" అన్నారు. 12 మంది చుట్టూ నిలబడి ఒక్కరిని కొలిచే దృశ్యం గురించి కాస్త ఆలోచించండి. ఒక్కో జట్టుకి ఒక్కరు, మధ్యలో తెర, ముందుగా అనుమతి, మధ్యలో విరామం, ప్రయాణ ఖర్చులు, రోజు గౌరవ వేతనం. శిక్షకుల్లో కనీసం ఒకరు వీల్‌చైర్ వాడేవారు ఉంటే సగం విషయాలు చెప్పకుండానే అర్థమవుతాయి.

ఇంటర్వ్యూ ఫారం నింపడం కాకుండా మాట్లాడడం నేర్పండి. అందరూ రోగం పేరుతో మొదలుపెడతారు. అడగాల్సినవి: రోజులో ఎన్ని గంటలు కుర్చీలో ఉంటారు? ఇంటి గుమ్మం వెడల్పెంత? మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత? ఇంటి నుంచి రోడ్డు దాకా నేల ఎలా ఉంటుంది? బస్సులోనో ఆటోలోనో కుర్చీ ఎక్కించాలా? మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారతారు, ఎవరి సాయంతో? పాత కుర్చీ ఉంటే అందులో ఏది నచ్చింది? ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు. ఎదురుగా కూర్చుని, కళ్లు సమానంగా ఉన్న ఎత్తులో మాట్లాడండి. పక్కనున్న బంధువుని అడిగి రాసుకోకండి.

పిర్ర ఎముక కింద చెయ్యి పెట్టే ప్రెషర్ పరీక్ష అందరి ముందూ, చెప్పకుండా చేయడం అవమానం. ఏం చేయబోతున్నారో, ఎందుకో ముందే చెప్పండి.

---

చక్రధర్_ఓటీ

రెండుచక్రాలు గారు చెప్పినదానికి తోడు ప్రెషర్ పరీక్ష ఎలా చెయ్యాలో కూడా ఇక్కడ రాసి పెడతాను, క్లాసులో తరచూ తప్పుగా చూపిస్తారు.

మనిషి కుషన్ మీద నిటారుగా, చేతులు తొడల మీద పెట్టుకుని, ముందుకి చూస్తూ కూర్చోవాలి. మీరు పక్క నుంచి వేళ్లు కుషన్‌కీ ఒంటికీ మధ్య దూర్చి, పిర్ర ఎముక కొస వేలి కొసకి తగిలే దాకా పోవాలి. అరచేయి పైకి చూస్తుండాలి. అప్పుడు వేళ్లు పైకీ కిందకీ కదపండి. 5 మిల్లీమీటర్లో, ఆపైనో కదిలితే ఫరవాలేదు. కదలవు గానీ తేలిగ్గా బయటికి లాగగలిగితే హెచ్చరిక. వేళ్లు నలిగి, లాగడానికి కష్టమైతే ప్రమాదం, ఆ కుషన్‌తో పంపకూడదు. రెండు పక్కలా చెయ్యాలి. ఒక పక్క సురక్షితం, రెండో పక్క ప్రమాదం అని వస్తే కుషన్ మార్చేముందు పెల్విస్ ఒరిగిందేమో చూడండి.

స్పర్శ లేనివారికి ఈ పరీక్ష ఒక్క ఫిట్టింగ్ రోజునే కాదు, ప్రతి ఫాలో అప్‌లోనూ చెయ్యాలి. ఫోమ్ అణిగిపోతుంది. కుషన్ కవరు బిగుతుగా కుడితే, లేదా తడవకుండా మందమైన రెక్సిన్ తొడిగితే ఫోమ్ పనే చేయదు, ఒళ్లు కవరు మీద ఉయ్యాల ఊగుతున్నట్టు ఉంటుంది. కవరు వదులుగా, సాగేలా ఉండాలి.

---

కొత్త_ఫిజియో

బరువు తేలిక చేసుకోవడానికి చేతులతో పైకి లేవమని, ప్రతి 15 నిమిషాలకి చేయమని చెబుతాం కదా. అదే నేర్పమంటారా?

---

రెండుచక్రాలు

పైకి లేచి ఎంతసేపు ఉండగలరు? పది సెకన్లు, మహా అయితే ఇరవై. నలిగిన చర్మంలోకి రక్తం పూర్తిగా తిరిగి రావడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. పైగా రోజూ అన్నిసార్లు ఒంటి బరువంతా భుజాల మీద ఎత్తితే భుజం కీలు అరిగిపోతుంది, అది పోతే తోసుకోవడమూ పోతుంది. ముందుకి వంగి మోకాళ్ల మీద ఛాతీ ఆనించడం, లేదా ఒక పక్కకి ఒరిగి బల్ల మీద మోచేయి పెట్టుకోవడం, ఆ తర్వాత రెండో పక్కకి. టీవీ చూస్తూనో, ఫోన్ మాట్లాడుతూనో రెండు నిమిషాలు ఉండగలిగే భంగిమే పనికొస్తుంది. నడుము పట్టు లేనివారికి ముందుకి వంగినప్పుడు పట్టుకోవడానికి ఒకరుండాలి, లేదా బల్ల ఉండాలి.

---

కొత్త_ఫిజియో

అర్థమైంది. ఇంకొకటి. బెల్టు కట్టినా సరే కొందరు గంటలో ముందుకి జారిపోయి త్రికాస్థి (వెన్ను కింది చివరి ఎముక) మీద కూర్చుంటారు. బెల్టు ఇంకా బిగించాలా?

---

సీటింగ్_సుజాత

బిగించకండి. జారడానికి కారణం వెతకాలి. ముందు కుర్చీ వైపు కారణాలు చూడండి, అవి చవకైనవి: సీటు లోతు ఎక్కువ (అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే), ఫుట్‌రెస్ట్ మరీ కింద, గుడ్డ సీటు సాగిపోయి ఉండడం, బ్యాక్‌రెస్ట్ వెనక్కి బొక్కెనలా వంగి ఉండడం, కుషన్‌లో పిర్ర ఎముకలు దిగి ఆగడానికి ముందు గట్టు లేకపోవడం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా జారితే మనిషి వైపు చూడాలి. గట్టి పడక మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తుంటి ముందు ఎముక మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో మోకాలు మడిచి తొడని పొట్ట వైపు తీసుకురండి. పెల్విస్ కదలడం మొదలైన క్షణంలో ఆపండి, తుంటి నిజంగా వంగేది అంతవరకే. అది 90 డిగ్రీలకి రాకపోతే నిటారు కుర్చీ అతన్ని ముందుకి తోసేస్తుంది. ఆ వైపు కుషన్ ముందు భాగం కిందికి దించాలి, లేదా బ్యాక్‌రెస్ట్ కోణం తెరవాలి.

తర్వాత తుంటి 90లో ఉంచి మోకాలు నెమ్మదిగా చాపండి. ఇక్కడ కూడా పెల్విస్ కదిలిన చోటే ఆగాలి. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవారికి మోకాలు కొంచెం చాపగానే పెల్విస్ వెనక్కి దొర్లుతుంది. వారికి ఫుట్‌రెస్ట్ వెనక్కి జరిగి సీటు కిందకి రావాలి. సాయం చేస్తున్నామనుకుని కాళ్లు చాపే ఎలివేటింగ్ ఫుట్‌రెస్టులు ఇస్తే అవే లాగి జార్చేస్తాయి.

బెల్టు ఎప్పుడూ ఆఖరిది, అది కూడా పొట్ట మీద కాదు. తుంటి ముందు ఎముకలకి కింద, సీటుతో 45 నుంచి 60 డిగ్రీల కోణంలో వెనక్కి కిందికి లాగేలా. పొట్ట మీద అడ్డంగా కట్టిన బెల్టు కింద నుంచి మనిషి జారితే అది ఛాతీకీ, మెడకీ వస్తుంది. ప్రాణం మీదికి వచ్చే తప్పు అది.

మాధవి గారూ, ఈ పడక పరీక్ష బేసిక్ శిక్షణలో పెట్టకండి. "కుర్చీ సరిచేసినా జారుతున్నాడు, పైకి పంపాలి" అన్నంతవరకే.

---

మాధవి_పీటీ

చాలా వచ్చింది. వీల్‌చైర్ నడపడం మీద ఎంత సమయం ఇవ్వాలి? వీలీ నేర్పాలా?

---

రెండుచక్రాలు

థెరపిస్టులు వీలీ వెయ్యగలగాలని కాదు, పడకుండా పట్టుకోగలగాలి. కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ వాళ్ల వీల్‌చైర్ స్కిల్స్ ప్రోగ్రామ్‌లో స్పాటర్ పట్టీ వాడతారు: వెనక ఫ్రేమ్ అడ్డకడ్డీకి ఒక గట్టి పట్టీ కట్టి, పట్టుకునేవారు ఒక చేత్తో దాన్ని వదులుగా పట్టుకుని వెనక నిలబడతారు, రెండో చెయ్యి భుజానికి దగ్గరగా ఉంటుంది. కేవలం తోసే హ్యాండిల్ దగ్గర చేతులు పెట్టి నిలబడితే కుర్చీ వెనక్కి పడే వేగానికి అందవు.

వరస: చదును మీద నేరుగా, ఆపడం, ఉన్నచోట తిరగడం, తలుపు తెరిచి దాటడం, 1:12 వాలు (12 అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు) ఎక్కడం, దిగడం, ఒక క్షణం కాస్టర్ లేపి చిన్న గడప దాటడం. పూర్తి వీలీ ఇష్టమైనవారికి. సాయం చేసేవారికి విడిగా: మెట్టు ఎక్కించేటప్పుడు కుర్చీ ముందుకి, దించేటప్పుడు వెనక్కి తిప్పి. మనిషిని ముందుకి చూపిస్తూ దించడం చాలా ఆసుపత్రుల గుమ్మాల్లో కనిపిస్తుంది.

తోసే తీరు కూడా చూడండి. చేయి పుష్ రిమ్ పైన పన్నెండు గంటల ముల్లు చోట పెట్టినప్పుడు మోచేయి దగ్గర కోణం 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. చేయి దాదాపు చాచినట్టు ఉంటే సీటు మరీ ఎత్తు, భుజాలు చెవుల దాకా లేస్తుంటే మరీ కింద. పొడవైన తోపు, తర్వాత చేయి కిందికి వదిలేసి వెనక్కి తెచ్చుకోవడం. పొట్టి పొట్టి కుదుపులు వద్దు.

---

చక్రధర్_ఓటీ

పరీక్ష సంగతి. రాత పరీక్ష తీసెయ్యక్కర్లేదు, ముందూ వెనకా ఒక్కో గంట చాలు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ వీల్‌చైర్ ప్రొఫెషనల్స్ వాళ్ల బేసిక్ పరీక్ష 75 ప్రశ్నలది, 70 శాతం వస్తే పాస్. అలాంటిదే శిక్షణకి ముందొకసారి, తర్వాతొకసారి పెడితే ఏ పాఠం ఎక్కలేదో తెలుస్తుంది. వ్యక్తికి మార్కులెన్ని అన్నదానికంటే ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఏదన్నదే మీకు పనికొచ్చేది.

చేతి పనికి చెక్‌లిస్టు: కొలతలు 10 మిల్లీమీటర్ల లోపు వచ్చాయా, సీటు లోతు లెక్క సరిగ్గా వేశారా, తనిఖీలో లోపాలన్నీ పట్టుకున్నారా, ఫిట్టింగ్ ఆగి ఉన్న కుర్చీలోనే కాకుండా మనిషి తోసుకుంటూ పోయాక కూడా మళ్లీ చూశారా (ఇది మరిచిపోతారు, పది గజాలు తోసేసరికి పెల్విస్ ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది), ప్రెషర్ పరీక్ష రెండు పక్కలా చేశారా, ఇంటికి వెళ్లేముందు చర్మం ఎలా చూసుకోవాలో వాడేవారి చేతే చెప్పించారా. ప్రతిదానికీ "చేశారు, సాయంతో చేశారు, చేయలేదు" అంతే. వీటిలో ప్రెషర్ పరీక్ష, బ్రేకులు, చర్మం గురించి చెప్పడం, ఈ మూడింటిలో ఏది తప్పినా, మిగతావి ఎంత బాగా చేసినా సర్టిఫికెట్ ఆపండి. హాజరు సర్టిఫికెట్ వేరు, సామర్థ్యం సర్టిఫికెట్ వేరు అని మొదటి రోజే చెబితే గొడవుండదు.

ఆపైన, తిరిగి వెళ్లాక ఒక్కొక్కరూ చేసే మొదటి కొన్ని కేసుల ఫారాలు, అనుమతి తీసుకున్న ఫొటోలు (పక్క నుంచి, ఎదుటి నుంచి) మీకు పంపాలి. పక్క నుంచి తీసిన ఫొటోలో సీటు లోతు తప్పు ఇట్టే కనిపిస్తుంది.

---

మాధవి_పీటీ

సరే, మార్చాను. బేసిక్ మాత్రమే. మొదటి రోజు ఉదయం నడపడం, మధ్యాహ్నం ఇంటర్వ్యూ, ముగ్గురేసి కొలతలు. రెండో రోజు ఒత్తిడి, కుషన్, ప్రిస్క్రిప్షన్. మూడో రోజు లోపాల కుర్చీలు, యాక్సిల్, ఫిట్టింగ్. నాలుగు, ఐదు రోజుల్లో మూడు జట్లు, ముగ్గురు శిక్షకులు, జట్టుకి రోజుకి ఒక్కరు. ఐదో రోజు మధ్యాహ్నం స్పాటర్ పట్టీతో స్కిల్స్, చెక్‌లిస్టు. శిక్షకుల్లో ఒకరు వీల్‌చైర్ వాడేవారు. సెరిబ్రల్ పాల్సీ క్లాసు తీసేశాను.

రఫీ గారూ, మూడో రోజుకి జట్టుకి ఏమేం పనిముట్లు కావాలి?

---

వర్క్‌షాప్_రఫీ

జట్టుకి: 10 నుంచి 19 దాకా రింగ్ స్పానర్లు, ఒకే సైజువి రెండేసి (యాక్సిల్ బోల్టుకి ఇటొకటి అటొకటి పట్టాలి), 4, 5, 6 అలెన్ కీలు, రెండు స్క్రూడ్రైవర్లు, ప్రెషర్ గేజి ఉన్న గాలి పంపు, టైరు లివర్లు, పంక్చర్ ప్యాచీలు, మీటరు టేపు, కాలిపర్, ఫోమ్ కొయ్యడానికి పొడవాటి బ్లేడు, మార్కరు, పాదాల కింద పెట్టే దిమ్మలు 10, 20, 50 మిల్లీమీటర్లవి. సైజులు మీ కుర్చీల బోల్టులకి ముందే సరిచూసుకోండి, అంగుళాల బోల్టులున్న కుర్చీ ఒక్కటి వచ్చినా పనంతా ఆగుతుంది.

ఒక కుర్చీ మాత్రం విప్పి, ముక్కలుగా బల్ల మీద పరిచి ఉంచండి. బేరింగ్ ఎటువైపు కూర్చుంటుందో, కాస్టర్ నట్టు ఎంత బిగిస్తే ఊగదు గానీ తిరుగుతుందో చేత్తో చూసుకుంటారు. నట్లు నైలాన్ లాక్ రకం అయితే విప్పిన ప్రతిసారీ పట్టు తగ్గుతుంది, వాటికి కొత్తవి ఓ గుప్పెడు పక్కన పెట్టుకోండి.